పైపులైన్ వాటాలు, పెట్టని సంతకం

నేను సంతకం పెట్టలేదు. ఇన్నేళ్ళయినా ఆ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

సింగపూర్‌లో ఐటీ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజులవి. క్లెమెంటిలో ఒక గది అద్దెకు తీసుకుని, పాసిర్ రిస్‌లో సొంత ఫ్లాట్ కొనాలని నేనూ మా ఆయనా నాలుగేళ్ళు నోరు కట్టుకుని కూడబెట్టాం. ఇద్దరి సంతకాలూ పడితే గానీ కదలని ఖాతా అది.

ఒక ఆదివారం, సెరంగూన్‌లో ఉండే ఒక తెలుగు అంకుల్ అక్కడి మా తెలుగు కుటుంబాలన్నిటినీ భోజనాలకు పిలిచారు. బ్యాంకులో పెద్ద హోదా ఆయనది, మా వాళ్ళకి ఆయన మాటంటే గురి. పప్పుచారు వడ్డించేలోపే కాగితాలు బయటికొచ్చాయి. అమెరికాలో గ్యాస్ పైపులైన్లు నడిపే ఒక భాగస్వామ్యంలో వాటాలట. మూడు నెలలకోసారి చెక్కు, అదీ ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీకి రెండింతల పైనే.

"గ్యాస్ ఎవరిదైతే మనకెందుకు? పైపు అద్దె మనకొస్తుంది. మీ వీసా పోయినా ఆ చెక్కు ఆగదు" అన్నారు అంకుల్.

ఆ చివరి మాటకే అందరూ పడిపోయారు. నిజం చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది. కాంట్రాక్టు అయిపోతే పెట్టె సర్దుకోవలసిన బతుకులు మావి. కానీ నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. కాగితం చేతికొస్తే చివరి పేజీ దాకా చదవందే ఉండలేను. రాబడికి హామీ లేదనీ, సంస్థ నెత్తిన పెద్ద అప్పులున్నాయనీ, ఒక్కోసారి మనం పెట్టిన అసలులోంచే తీసి ఇవ్వొచ్చనీ చిన్న అక్షరాల్లో ఉంది.

"అంకుల్, మన డబ్బే మనకిచ్చి రాబడి అంటారా?" అని అడిగాను.

టేబుల్ కింద మా ఆయన నా కాలు తొక్కాడు.

"ఇన్ని అనుమానాలైతే ఎలాగమ్మా? నమ్మకం ఉండాలి."

"తప్పులు వెతికితేనే నాకు జీతం, అంకుల్. నమ్మడం మొదలుపెడితే ఉద్యోగం ఊడుతుంది."

ఎవరూ నవ్వలేదు. "సర్లే, లోపల అప్పడాలు వేగాయేమో చూడు తల్లీ" అన్నారాయన. సంతకానికని ఇచ్చిన పెన్నుకు మూత పెట్టి లేచాను. మా ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోనీ అనుకున్నాను.

రెండేళ్ళపాటు సంతకం పెట్టినవాళ్ళకి చెక్కులు వచ్చాయి. ఎక్కడ కలిసినా "అదిగో బగ్గు మేడమ్! ఛాన్స్ మిస్ లా, అక్కా!" అని సింగపూర్ యాసలో వేళాకోళం. ఒళ్ళు మండిపోయేది. మా ఆయన మాత్రం వినబడనట్టు ఫోన్ చూసుకునేవాడు.

ఆ తర్వాత చెక్కులు సగమయ్యాయి, ఆపైన ఆగిపోయాయి. వాటా ధర కొన్నదాంట్లో పావు వంతుకు దిగింది. అంకుల్ డబ్బూ అందులోనే పోయింది. ఆయన మోసం చేయలేదు పాపం, నిజంగానే నమ్మారు.

పాసిర్ రిస్ ఫ్లాట్‌లో పాలు పొంగించిన రోజు ఆయన కూడా వచ్చారు. గదులన్నీ తిరిగి చూసి, పరమాన్నం గిన్నె చేత్తో పట్టుకుని, అందరి ముందూ అన్నారు: "ఆ రోజు నువ్వు కాస్త గట్టిగా చెప్పుంటే మేమూ ఆగేవాళ్ళం కదమ్మా!"

ఔరా! గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"గట్టిగానే చెప్పింది, అంకుల్" అన్నాడు మా ఆయన. "కాలు తొక్కింది నేను. అప్పడాలు చూడమని పంపింది మీరు."

మామూలుగా అయితే పెద్దాయన నొచ్చుకుంటారని నేనే ఏదో సర్దిచెప్పేదాన్ని. ఆ రోజు చెప్పలేదు.