మా మునెయ్యన్న మిషను

మునెయ్య నాకు అన్న, మారప్ప తమ్ముడు. వాళ్ళిద్దరి మధ్యలో పుట్టిన పాపానికి, ఒకడి మీద ఇంకొకడు కక్కే విషమంతా నా చెవుల్లోనే పడింది. పుంగనూరులో నేనుండేది వాళ్ళ ఇంటికి ఎదురుగానే. తలుపు తీస్తే ఒకడి మొహం, కిటికీ తీస్తే ఇంకొకడి మొహం. మీ అన్నదమ్ములు బంగారంలాంటి వాళ్ళమ్మా అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మా నాయన గ్రిల్లులు, గేట్లు చేసేవాడు. ఆయన పోయాక భాగాలు పంచుకున్నారు. బజారులోని వెల్డింగ్ అంగడి, కరెంటు మిషన్లు, ఇంటి ముందు భాగం మారప్పకు. ఇంటి వెనక భాగం, ఎవరికీ అక్కర్లేని చేతి బెండింగ్ మిషను మునెయ్యకు. పెరడు చెరిసగం. మా అన్న నోరు మెదపలేదు. మంచితనం అనుకుంటారేమో, కాదు. తమ్ముడితో బేరమాడటం తనకు తక్కువని ఆయన పొగరు. ఆ పొగరంటేనే మారప్పకు కడుపుమంట. ఇద్దరినీ ఒకే స్తంభానికి కట్టేసి కొట్టాలనిపించేది నాకు.

ఆ మిషను పెద్ద వింతేమీ కాదు. మొద్దుకు బిగించిన ఇనుప పలక, దాని మీద రెండు లావుపాటి మేకులు, వాటిని తిప్పే ఇరుసు, దానికి ఒక హ్యాండిల్. మేకుల మధ్య ఇనుప పట్టీ పెట్టి హ్యాండిల్ లాగితే పట్టీ వంగుతుంది. కిటికీ గ్రిల్లుల్లో కనిపించే పూలు, తీగలు ఇలా వంచినవే. మా అన్న పెరట్లో కూర్చుని వాటిని వంచి మదనపల్లెకు, కుప్పానికి పంపేవాడు. అక్కడి వాళ్ళు అతుకులు వేసుకునేవాళ్ళు. అప్పుడప్పుడు బిగించడానికి తనే పోయేవాడు.

అలా పోయిన ఒకనాడు కురబలకోటలో నిచ్చెన మీద నుంచి పడ్డాడు. కుడి భుజం నుజ్జయింది. మదనపల్లెలో ఆపరేషన్ చేసిన డాక్టరు, ఇక ఈ చేత్తో బరువు లాగొద్దని చెప్పి పంపాడు. కట్టు కూడా విప్పకముందే మారప్ప అంగడి ముందు నిలబడి నలుగురిలో అన్నాడు.

"మాయన్న చెయ్యి అయిపోయిందప్పా. మా అంగట్లో ఒక మూల కూర్చోమన్నాను. ముక్కలందిస్తే సాలు, దినకూలి ఇస్తాను."

సాయంత్రానికల్లా ఆ మాట మా అన్న చెవిన పడింది. అప్పటి నుంచి ఆయనకు ఒకటే పట్టుదల, చచ్చినా తమ్ముడి అంగట్లో కూలికి కూర్చోకూడదని. కూర్చోవాల్సి వస్తే ఆయన బతకడని మా వదిన మునెమ్మ నా దగ్గర ఏడ్చింది. నాకూ అదే భయం.

ఎడమ చేతికి బలం చాలదు. హ్యాండిల్‌కు బోరు పైపు ముక్క తొడిగి పొడుగు చేశాడు. ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని ఒళ్ళంతా వెనక్కి వాలిస్తే పట్టీ వంగింది. అయితే పెరడు ఇరుకు. వంపు పూర్తయ్యే వేళకు పైపు చివర మారప్ప భాగంలోకి మూరెడు దూరం పోయేది. పోయేది గాల్లోనే. అక్కడ ఒక పాత స్కూటరు తప్ప ఏమీ లేదు, దానికి తగిలిందీ లేదు.

మారప్ప మేస్త్రీని పిలిచి సరిగ్గా హద్దు మీద గోడ లేపించాడు. ఇదేం బుద్ధిరా అని పోయి అడిగాను. తన జాగాలో తను కట్టుకున్నానని, అంత కష్టంగా ఉంటే ఆయన్నే వచ్చి అడగమనమని అన్నాడు. ఆయన రాడని వాడికి తెలుసు. నోటికొచ్చినట్టు తిట్టి వచ్చాను. ఆ తిట్లలో ఒక్కటీ ఈనాటికీ వెనక్కి తీసుకోను.

గోడ లేచాక పైపు సగం తిరిగి ఠంగుమని ఆగిపోయేది. మిషను ఇంకో వైపుకు తిప్పి బిగిస్తే పట్టీ వంటింటి గోడకు పొడుచుకునేది. వంటింటి గోడే కొట్టేద్దామని మునెమ్మ అంటే ఆమె మీద కసిరాడు. ఠంగుమన్నప్పుడల్లా గోడ అవతల మారప్ప నవ్వేవాడు. ఆ నవ్వు నేను విన్నాను.

మా అన్న మదనపల్లెలో పాత ఇనుము అమ్మే చోటికి పోయి ఒక పళ్ళ చక్రం ఏరుకొచ్చాడు. దాన్ని మేకులు తిప్పే ఇరుసుకు బిగించి, హ్యాండిల్‌కు ఒక కొక్కెం పెట్టాడు. జానెడు లాగితే కొక్కెం చక్రాన్ని ఒక పన్ను తిప్పుతుంది. వెనక్కి తెచ్చి మళ్ళీ జానెడు లాగితే ఇంకో పన్ను. చక్రం జారిపోకుండా పలక మీద ఇంకో కొక్కెం. మొదట మెత్తటి ఇనుముతో చేస్తే కొక్కెం విరిగి, హ్యాండిల్ ఎగిరొచ్చి దవడకు తగిలింది. నెత్తురు తుడుచుకుని, లారీ కమాను పట్టీ ముక్కతో మళ్ళీ చేశాడు. ఈసారి ఆగింది. వదిలేస్తే పట్టీ కాస్త విచ్చుకుంటుంది కాబట్టి ఒక పన్ను ఎక్కువే తిప్పేవాడు. పళ్ళు లెక్కపెట్టి తిప్పడంతో వంపులన్నీ ఒకే తీరుగా వచ్చేవి. హ్యాండిల్ గోడ దాకా పోవాల్సిన పనే లేకపోయింది.

కుప్పంలో కట్టే కల్యాణమండపం కిటికీల పని ఆయనకొచ్చింది. అది తనకొస్తుందని మారప్ప ఊరంతా చెప్పుకున్న పని. ఇప్పుడు వాడు వేరే పాట ఎత్తుకున్నాడు. చెయ్యి పోయిందన్నది నాటకమని, జాలి కోసం కట్టు కట్టుకుని తిరిగాడని కనబడిన వాళ్ళందరికీ చెప్పాడు. చెప్పీ చెప్పీ తనే నమ్మాడు.

మొన్న ఎండలు ముదిరాక, గోడ వల్ల ఇంట్లోకి గాలి రావడం లేదని మారప్ప పెళ్ళాం పోరు పెట్టింది. మారప్ప గడ్డపార పట్టుకుని మా అన్న పెరట్లోకి వచ్చాడు. నేనప్పుడు అక్కడే ఉన్నాను. తప్పు ఒప్పుకోవడానికి రాలేదు, ఆ బుద్ధి వాడికి లేదు.

"గోడ తీసేస్తాండానన్నా. నీ చెయ్యి బాగైపోయింది కదా, ఇంగ యాల ఇది?" అన్నాడు.

మా అన్న మిషను ఆపి లేచాడు. కుడి చెయ్యి పైకెత్తాడు. అది రొమ్ము దాకా కూడా రాకుండానే వణికి ఆగిపోయింది.

"ఇది నోటికాడికి రాదురా. పడిన కాడి నుంచి నేను ఎడం చేత్తోనే అన్నం తింటాండాను."

మారప్ప మొహం పాలిపోయింది. ఎదురింట్లో ఉండే నాకూ ఆ సంగతి తెలియదు. మునెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మారప్ప గోడ దగ్గరికి పోయి గడ్డపార ఎత్తాడు. మా అన్న పోయి గోడకు అడ్డంగా నిలబడ్డాడు.

"గోడ ఉండనీ. నేను కూడు తినేది ఈ పెరటి పంచలోనే. అది నువ్వు సూడకూడదు."