స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి

“…చెవులు జాగ్రత్త అని డాక్టరు చెప్పి వారం కాలేదు, అప్పుడే గిటార్ అంటావు! అదీ కరెంటు గిటార్!”

“కరెంటుతో ముప్ఫై ఏళ్లు కాపురం చేశాను. ఇప్పుడు కొత్తగా భయపడమంటావా?”

“వేళాకోళాలు తర్వాత అక్కా. ముందు ఇంటికి పద.”

వాద్యాల షాపు గుమ్మంలో పోట్లాడుకుంటున్న ఆ ఇద్దరిలో అక్కకు యాభై మూడేళ్లు. కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టడం ఆమె పని. విప్పి బిగించే పని తమ్ముడిది. ఒకే బల్లకు అటొకరూ ఇటొకరూ కూర్చుని ఇన్నేళ్లు గడిపారు.

ఆమెకు ముందుగా పోయినవి సన్నని శబ్దాలు. ఫోను, పిట్టలు, చెంచా గిన్నెకు తగిలే చప్పుడు. అవి తిరిగి రావనీ, పెద్ద మోతల దగ్గర ఉంటే మిగిలినవీ పోతాయనీ డాక్టరు చెప్పాడు.

వాళ్ల వైండింగ్ షాపు పైగదిలో ఒక నర్సు అద్దెకుండేది. డ్యూటీ నుంచి రాగానే పాటలు పెట్టుకుని బట్టలు ఇస్త్రీ చేసుకునేది. పాడేవాళ్ల గొంతు కిందికి వచ్చేది కాదు. స్లాబులోంచి దిగేది గిటార్ మోత ఒక్కటే, దూరంగా బరువైన బండేదో కదులుతున్నట్టు. ఆ మోతలో చుట్లు లెక్కపెడుతుంటే రాగితీగ నీళ్లలా వేళ్లలోంచి జారిపోయేది. మధ్యాహ్నం ఎప్పుడు సాయంత్రంలోకి ఒరిగిందో తెలిసేది కాదు. ఇవేం పాటలని అడిగితే, “హెవీ మెటల్, ఆంటీ” అని నవ్వింది. ఆ నర్సు బదిలీ అయి వెళ్లాక పైకప్పు మూగబోయింది. మిగిలిన వినికిడి ఉండగానే ఆ మోతను తన చేత్తో తాను పుట్టించుకోవాలని అక్క కోరిక.

“నేర్చుకునేది పాపా, బాబా అమ్మా?” అడిగాడు షాపతను.

“నేనే.”

అతను ఎర్ర గిటార్ ఒకటి దించి నడుమెత్తున్న ఆంప్లిఫయర్‌కు తగిలించాడు. తీగ మీటకముందే అది గుయ్యిమంది. ఆమె సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసింది. మొన ఆంప్లిఫయర్ మీద పెట్టి, పిడి చెవి వెనక ఎముకకు ఆనించింది. మోటారు ఆరోగ్యం ఆమె వినేది అలాగే.

“ఇది వాపసు వచ్చే సరుకు బాబూ. ఇంకోటి చూపించండి.”

అదే గిటార్‌ను ఇంకో ఆంప్లిఫయర్‌కు తగిలిస్తే అదీ గుయ్యిమంది. మూడోదీ అంతే.

“మూడూ తిప్పి పంపెయ్యండి.”

తమ్ముడు గోడవైపు తిరిగి నవ్వాపుకున్నాడు. “షాపు మొత్తం రిపేరుకి రాసేస్తుందండీ, చూస్తూ ఉండండి.”

“తేడా వీటిలో లేదమ్మా. ఆ గిటార్‌లో తీగల కింద ఉన్నవి ఒంటి కాయిళ్లు. హెవీ మెటల్‌కి జంట కాయిళ్లుండాలి. రెంటినీ ఎదురు దిక్కుల్లో చుడతారు.”

“అంటే ఒకదాని రొదను ఇంకోటి చంపుతుంది. ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!”

జంట కాయిళ్లున్న నల్ల గిటార్ తగిలించగానే గుయ్యిమనడం అణిగింది. అతను పెద్ద ఆంప్లిఫయర్ మీద, మోతను గరుకు చేసే గెయిన్ మీట పెంచి, లావు తీగ మీటాడు. గాజు తలుపులు అదిరాయి. తమ్ముడు చెవులు మూసుకున్నాడు. ఆమె కదల్లేదు. పైగది మోత అదే.

“దూరంగా రా అక్కా.” తమ్ముడి గొంతులో ఇందాకటి కోపం లేదు. “నీకు వినపడకపోతే నేనెవరితో పోట్లాడను?”

ఆమె పనిముట్ల పెట్టెంత ఉన్న బుల్లి ఆంప్లిఫయర్‌ను చూపించింది.

“దీంట్లో ఆ గరుకుదనం వస్తుందా?”

“వస్తుందమ్మా. గరుకు ఈ మీటది, శబ్దం ఆ మీటది. గరుకు నిండుగా పెట్టి శబ్దం తగ్గించుకోవచ్చు.”

“తగ్గించండి. ఇంకా. ఇంకా.”

స్క్రూడ్రైవర్ మళ్లీ ఆనించి, ఈసారి తీగ తనే మీటింది. మోత ఇనుములోంచి ఎముకలోకి పాకి, అక్కడే నెమ్మదిగా తిరుగాడింది. ఎండ ఒరిగింది. ఎక్కడో పైన ఎవరో ఇస్త్రీ చేసుకుంటున్నారు. వేళ్లలోంచి రాగి జారుతోంది.

కాసేపటికి పిడి చెవినుంచి తీసింది. పక్కనున్న చెక్క స్టూలు కిందికి ఆంప్లిఫయర్‌ను కాలితో తోసి, స్టూలుమీద కూర్చుని మళ్లీ మీటింది. మోత చెక్కలోంచి వెన్నులోకి పాకింది. కళ్లు మూసుకుంది.

“ఈ నల్లదీ, ఈ బుల్లిదీ ఇవ్వండి,” అంది షాపతనితో. తమ్ముడివైపు తిరిగింది. “చెవి దగ్గర పెట్టుకోను. కుర్చీ కింద పెట్టుకుంటాను.”