బల్ల మీది ద్రాక్షరసం

మా ఆయన ప్రసంగాలు మా సంఘంలో అందరికీ తెలిసినవే. కాగితం మీద రాసుకొచ్చి తల ఎత్తకుండా చదువుతారు. వెనక బెంచీల వాళ్ళు ఫ్యాన్ కింద హాయిగా కునుకు తీస్తారు. అబద్ధమెందుకు, నేనూ తీశాను. అందుకే ఆ గుడ్ ఫ్రైడే నాడు ఆయన కాగితం పక్కన పెట్టేసినప్పుడు నాకు సంతోషం కలగలేదు, భయమేసింది.

మాది ఇబ్రహీంపట్నంలో చిన్న చర్చి. ఆ మధ్యాహ్నం యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. అందరం తెల్లబట్టల్లో వస్తాం. కిటికీలకు నల్లగుడ్డలు కడతారు. మూడు గంటలయ్యేదాకా చాలామంది మంచినీళ్ళు కూడా ముట్టరు. మా ఆయనదీ అదే పట్టు. ఆ సంవత్సరం ఆయన వంతుకు దాహం గురించిన మాట వచ్చింది.

ఆయనకు చాలా ఏళ్ళుగా షుగర్. మాత్రలు చాలక ఇన్సులిన్‌కి వచ్చారు. సూది వేసుకున్నాక తిండి మాత్రం మానొద్దని బెంజ్ సర్కిల్ దగ్గరి డాక్టరు గారు గట్టిగా చెప్పారు. తిన్నా తినకపోయినా ఆ మందు షుగర్‌ని దించుతూనే ఉంటుందట. ఆ పొద్దున, ప్రభువు బల్లకు, అంటే ఆరాధనలో అందరికీ రొట్టెతో పాటు ఇచ్చేందుకు, ద్రాక్షరసం కాచే వంతు నాది కాబట్టి, ఇడ్లీలు పెట్టి, తినమని మరీ మరీ చెప్పి నేను ముందు వెళ్ళాను. ఆయన సూది వేసుకుని ఇడ్లీల మీద మూత పెట్టి వచ్చేశారు. ఉపవాసమంటే తిండి మానడం గానీ మందు మానడం కాదని తర్వాత నాకే న్యాయం చెప్పారు.

కాగితం పక్కన పెట్టి ఆయన తలుపు వైపు చూశారు.

"ఎవరో నీళ్ళడుగుతున్నారు. అక్కడే నిలబడ్డారు. ఎవరూ లేవరేంటి?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆ గొంతు నేను వినలేదు. అందరం వెనక్కి తిరిగాం. తలుపు వేసే ఉంది. పక్కన కిటికీకి కట్టిన నల్లగుడ్డ కదిలింది. గాలికే అనుకుందాం.

"ఆయన కాళ్ళు కాలుతున్నాయి. లోపలికి రానివ్వండి."

వెనక ఎవరో ఏడుపు మొదలుపెట్టారు. పక్కనున్న సిస్టర్ నా చెయ్యి పట్టుకుని, "పరిశుద్ధాత్మ దిగిందక్కా" అంది. హల్లెలూయ అని నాలుగు మూలల నుంచీ కేకలు లేచాయి. నేను ఆయన చొక్కా చూస్తున్నాను. ఫ్యాన్ కిందే ఉన్నా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. పెదాలు వణుకుతున్నాయి. షుగర్ పడిపోతే చెమట, వణుకు, తిక్కమాటలు, ఆపైన స్పృహ తప్పడం అని డాక్టరు గారు చెప్పే ఉన్నారు. అన్నీ తెలిసి కూడా ఒక్క క్షణం నేనూ ఆ తలుపు వైపే చూశాను.

లేచి ఆయన దగ్గరికెళ్ళి "ఏమండీ" అన్నాను.

"మీరెవరండీ?" అన్నారు. బస్సులో చోటడిగిన ఆడమనిషితో మాట్లాడినంత మర్యాదగా. ఆ కళ్ళలో నేను లేను.

ఉపవాసం రోజు ఎవరి బ్యాగులోనూ బిస్కెట్ ముక్క ఉండదు. చర్చిలో ఉన్న తీపి ఒక్కటే, బల్ల మీద తెల్లగుడ్డ కింద ఉంది. గుడ్డ తీశాను.

"అమ్మగారూ, అది బల్లకు పెట్టిందండీ. ఇంకా ప్రార్థన చెయ్యలేదు" అన్నారు పాస్టరు గారు.

"తెలుసండీ. అందులో పంచదార ఎంత వేశానో కూడా తెలుసు."

గ్లాసు నోటి దగ్గర పెడితే ఆయన మొహం తిప్పుకున్నారు. "మూడు కాలేదు" అన్నారు కోపంగా. పెళ్ళాం గుర్తులేదు గానీ ఉపవాసం గుర్తుంది. నాకు ఒళ్ళు మండింది.

"తలుపు దగ్గరాయన దాహమంటున్నాడుగా. మీరు తాగితే గానీ తాగనంటున్నాడు" అన్నాను.

ఆయన ఆలోచించారు. తలుపు వైపు చూసి, ఎవరికో తలూపి, గుక్క గుక్కగా తాగారు. వేదిక మెట్టు మీద కూర్చోబెట్టి చెయ్యి పట్టుకున్నాను. కాసేపటికి నన్ను చూసి, "నువ్విక్కడికెందుకొచ్చావు? అందరూ ఇటు చూస్తున్నారేంటి?" అన్నారు. అప్పుడు ఏడ్చాను.

డాక్టరు గారు ఇద్దరికీ క్లాసు పీకారు. ఉపవాసం మాట ముందు తనకు చెప్పాలన్నారు. జేబులో గ్లూకోజ్ పొట్లం లేకుండా గడప దాటొద్దన్నారు.

మా ఆయనకు ఆ రోజుది ఒక్క ముక్కా గుర్తులేదు. సంఘంలో మాత్రం ఇప్పటికీ అలాంటి ప్రసంగం వినలేదంటారు. జీవితంలో ఆయన్ని మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. ఒక సాయంత్రం వేలు గుచ్చి షుగర్ చూసుకుంటూ, "అంత బాగా చెప్పానా?" అని అడిగారు.

"ఆ."

"మళ్ళీ అలా చెప్పాలంటే..." అని ఆగిపోయారు. తలుపు దగ్గర నిలబడ్డ మనిషి కంటే ఆ సగం మాటకే ఎక్కువ భయపడ్డాను.

ఈ గుడ్ ఫ్రైడేకి ఆయన ఇడ్లీలు తినేదాకా ఎదురుగా కూర్చున్నాను. చర్చిలో ఆయన కాగితం మడత విప్పి, తల దించుకుని చదవసాగారు. వెనక బెంచీలు కునుకు మొదలుపెట్టాయి. మధ్యలో ఆగారు. తల ఎత్తి తలుపు వైపు చూశారు. నా గుప్పిట్లో గ్లూకోజ్ పొట్లం నలిగింది. చాలాసేపు చూసి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ కాగితంలో తల దూర్చారు.

హల్లెలూయ అన్నాను, గట్టిగా. నిద్రపోతున్న వాళ్ళంతా ఉలిక్కిపడి లేచారు.