కోయని షాట్

కత్తెర మాస్టారికి డెబ్భై నిండాయి. నూట పాతిక సినిమాలు కోసి అతికించిన చెయ్యి. ఆయన పేరెత్తితే జనం చెప్పేది మాత్రం ఒకే షాట్: భర్త పోయిన ముసలమ్మ ఖాళీ కుర్చీని నిమిషంపాటు తుడుస్తూనే ఉంటుంది. "అంతసేపు కోయకుండా ఉంచడానికి ఎంత గుండె కావాలి!" అని పత్రికలు రాశాయి.

గుండె కాదు, గురక. ఆ మధ్యాహ్నం మాస్టారు కడుపునిండా తిని, ఎడిటింగ్ బల్ల ముందు మైనపు పెన్సిలు పట్టుకునే నిద్రపోయారు. ఆయన గీత గీసినచోట కోసి అతికించడం సహాయకురాలి పని. ఫిల్ము మీద గీత లేకపోయేసరికి ఆమె షాట్ మొత్తం అతికించేసింది. మర్నాడు దర్శకుడు చూసి, ఏడ్చి, మాస్టారిని కావలించుకున్నాడు. నిజం నోటిదాకా వచ్చింది. అంతలో బహుమతి కూడా వచ్చింది.

ఇప్పుడు ఆ సినిమాకి కొత్త ప్రింటు తీస్తున్నారు. తెరమీద పేర్లు సాయంత్రానికల్లా ఖాయం చెయ్యాలి. 'కూర్పు' అన్నచోట తన పేరొక్కటే చూసి మాస్టారికి ముద్ద దిగలేదు.

"వెళ్లి ఆ పిల్లకి నిజం చెప్పి రండి," అంది భార్య.

"పిల్లేమిటే, అరవై ఏళ్లు!"

"అయితే ఇంకా తొందరగా వెళ్లండి."

మూడంతస్తులు ఎక్కి రొప్పుతూ తన ఇంటికి వచ్చిన ఆయనకి సహాయకురాలు ముందు ఫ్యాను తిప్పి, నీళ్లిచ్చింది. మాస్టారు తన నిద్ర సంగతి చెప్పుకున్నారు. ఆమె పకపకా నవ్వింది.

"గీత గీశాకే పడుకున్నారన్నయ్యా, మీకే గుర్తులేదు. ముసలమ్మ గుడ్డ అందుకోగానే కోసెయ్యమని గీశారు. నాకు మనసొప్పక చెరిపేశాను."

"మరి చెప్పలేదేం చెల్లెమ్మా?"

"చెబితే మళ్లీ గీసేవారు. బహుమతి వచ్చాక మీ సంతోషం చూసి నోరు రాలేదు."

దేవుడా! ఇన్నేళ్లూ తన నిద్రలోనైనా కాస్త కళ ఉందనుకున్నారు. తీరా చూస్తే మెలకువగా ఉండి చెడగొట్టబోయిన పెద్దమనిషి. ఆయన అక్కడినుంచే ప్రింటువాళ్లకి ఫోన్ చేశారు.

"కూర్పు దగ్గర ఇంకో పేరుంది. రాసుకో నాయనా. అదే ముందు రావాలి."

ఆమె కంగారుగా ఆయన చెయ్యి పట్టుకుంది. వద్దంటుందేమో అనుకున్నారు మాస్టారు.

"పూర్తి పేరు రాయించండన్నయ్యా. స్టూడియోలో అంతా నన్ను 'ఏయ్ అతుకులమ్మా' అనేగా పిలిచేవారు."

మాస్టారు ఒక్కో అక్షరం గట్టిగా చెప్పి, రెండుసార్లు తిరిగి చదివించుకున్నారు.