కార్తీక సోమవారం పరుగు

నొప్పుల మందు మూత తీస్తే చాలు, నాకు కొరాపుట్ మైదానంలోని ఎర్రమట్టి గుర్తొస్తుంది. నిన్న సాయంత్రం మా అమ్మాయి పిక్కలకు రాస్తుంటే మళ్ళీ అదే వాసన. దానితోపాటే వరలక్ష్మి టీచరు, ఆవిడ మెడలో ఈల.

తొంభైల్లో ఒడిశాలోని రాయగడలో మా బడికి ఆవిడ డ్రిల్లు టీచరు. ఆవిడ ఊరు గుణుపురం. మాది బియ్యం హోల్‌సేలు కొట్టు. ఆడపిల్ల గడప దాటితే ఎందుకని అడిగే ఇల్లు. నాన్నతో వాదించి నన్ను మైదానంలోకి దింపింది ఆవిడే. నేనూ ఒకందుకు పనికొస్తానని నాకు మొదట తెలిసింది అక్కడే. కాకపోతే కాస్త దూరం పోగానే పిక్కలు రాయిలా బిగిసేవి. చెబితే టీచరు నవ్వేది.

"కొట్లో కూకుని అలవాటైన కాళ్ళమ్మీ. బద్ధకం. పరిగెడితే అదే పోద్ది."

నమ్మాను. మా అమ్మ మేడ మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుండిపోయేది. దాన్నీ ఇంట్లో అందరూ బద్ధకమనే అనేవారు.

జోనల్ పోటీలు కొరాపుట్‌లో కార్తీక సోమవారం నాడు పడ్డాయి. మా ఆడవాళ్ళు ఆ రోజు చుక్కను చూసేదాకా ఏమీ తినరు. నేనూ తినలేదు. టీచరుకు అది గొప్పగా తోచింది. "సూడండి, ఉపాసంతో పరిగెడతాది మా పిల్ల" అని తోటి టీచర్లకు చెప్పుకుంది. మలుపు దాటకముందే పడిపోయాను. సాయంత్రానికి మూత్రం డికాక్షన్ రంగులో వచ్చింది. వేడి చేసిందని ఇంట్లో బార్లీ నీళ్ళు పట్టారు. జబ్బు మూత్రపిండాల దాకా పోయాక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బతికాను గానీ, పేరు చెడగొట్టిన పిల్లనయ్యాను. టీచరు ఎదురైతే పక్క సందులోకి తప్పుకునేదాన్ని.

పెళ్ళయ్యాక విశాఖలో ఒక డాక్టరు కండ ముక్క తీసి పరీక్ష చేయించాడు. కణాల్లో శక్తిని పుట్టించే మైటోకాండ్రియాలకు సొంత డీఎన్ఏ ఉంటుందట. అది తల్లి నుంచే వస్తుందట. నాకు లోపం అక్కడ ఉంది. తిని, మెల్లగా నడిస్తే నాకూ మేలే. ఖాళీ కడుపుతో శక్తికి మించి పరిగెడితే మాత్రం కండ చితికిపోతుంది. ఆనాటి డికాక్షన్ రంగు ఆ చితికిన కండదేనట.

ఈ సంగతి ఎవరో చెబితే, నేను పుట్టింట్లో ఉండగా టీచరు గుణుపురం నుంచి వచ్చింది. కాఫీ ముట్టుకోలేదు.

"కాళ్ళు బిగుస్తన్నాయని నువ్వు సెప్పేవమ్మీ. నేనే ఇనలేదు. ఈల ఊదేను. సిగ్గుగా ఉంది."

"ఊరుకోండి టీచరుగారూ, ఆ లోపం ఇచ్చింది నేనే గదా" అంది అమ్మ.

"మీ మాటా ఎవలూ ఇనలేదు గదమ్మా."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పిల్ల ముందు తలవంచిన పెద్దవాళ్ళను నేను అంతకుముందు చూడలేదు. ఆవిడలా ఉండాలని ఆ రోజే అనుకున్నాను.

నిన్న మా అమ్మాయి ఆటల ప్రాక్టీసు నుంచి వచ్చి, కాళ్ళు బిగిశాయంది. అన్నీ తెలిసిన నా నోటి నుంచి వచ్చిన మాట "బద్ధకం". అది వెళ్ళి తనే నొప్పుల మందు సీసా తెచ్చుకుంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సీసా అందుకుని పక్కన కూలబడ్డాను.

"ఏటమ్మీ, ఎక్కడ బిగిసింది? సెప్పు."

చెప్పాలా వద్దా అని నా ముఖంలోకి చూసింది. టీచరు ఈల ఊదకముందు ఆవిడ ముఖంలోకి నేను చూసిన చూపు అదే.