పసుపు వేలిముద్ర

దిల్‌సుఖ్‌నగర్‌లో పెళ్లికార్డులు డిజైన్ చేసే షాపులో పనిచేసేదాన్ని. ఒక పెళ్లివారు ఫోన్‌లో బొమ్మ చూపించి, కార్డు అచ్చం అలాగే కావాలన్నారు. వందల ఏళ్ల కిందట యూరప్ మఠాల్లో సన్యాసులు చేత్తో రాసిన పుస్తకంలోని పేజీ అది. మొదటి అక్షరం అరచెయ్యంత ఉంది, చుట్టూ బంగారు తీగలు, తీగల్లో పిట్టలు. నేను కంప్యూటర్‌లో 'శ్రీ'కి కొమ్మలు మొలిపించాను, బంగారానికి పగుళ్లు పెట్టాను, నీలాన్ని వెలవెలబోయేలా చేశాను. ఎన్నిసార్లు చూపించినా ఒకటే మాట.

"కొత్తగనే ఉన్నది మేడం."

ఒళ్లు మండింది కానీ వాళ్లన్నది నిజమే. కాగితం దగ్గరే దొరికిపోతున్నాను. నెట్‌లో దొరికే పాత కాగితాలన్నీ టీ నీళ్లలో ముంచి తీసినట్టే ఉంటాయి. అప్పుడు అమ్మ నోటుబుక్కు గుర్తొచ్చింది.

నల్గొండ పల్లెలో నేర్చుకున్న బతుకమ్మ పాటలన్నీ అమ్మ అందులో రాసుకుంది. వాళ్ల ఊరి ఆడవాళ్లు కట్టుకున్న పాటలు, ఇంకెక్కడా అచ్చయినవి కావు. ఎల్బీనగర్‌లో మా కిరాయి ఇంట్లో, ట్రంకుపెట్టెలో ఉండేది.

"పాతగ చేసుడు గూడ ఒక పనేనా బిడ్డా? ఊకె పక్కకు పెడితే గదే అయితది" అని నవ్వుతూ ఇచ్చింది.

మరకలు బాగున్న నాలుగు పేజీలు స్కాన్ చేసి, అమ్మ రాతను ఒక్కొక్క అక్షరమే చెరిపాను. రెండు రోజులు పట్టింది. అసలు స్కాన్ విడిగా దాచాలని తోచలేదు. పుస్తకం ఇంట్లోనే ఉందిగా. కార్డు అందరికీ నచ్చింది. ఇక్కడ రాత ఉండేదంటే ఎవరూ నమ్మరని మా ఓనర్ మెచ్చుకుంటే ఉబ్బిపోయాను.

ఆ వానాకాలం కాలనీలోకి నీళ్లొచ్చాయి. మాది కింది అంతస్తు. పెట్టె తెరిస్తే నోటుబుక్కు ముద్దయి ఉంది, సిరా అంతా కారిపోయింది. అమ్మ మాత్రం పరేషాన్ కాలేదు.

"పోనీ తియ్యి. నువ్వు కంప్యూటర్ల ఎక్కిచ్చినవ్ గదా."

"ఆఁ" అన్నాను. అంత పెద్ద అబద్ధం నేనెన్నడూ ఆడలేదు. రేపు నిజం చెబుదాం, కూర్చోబెట్టి పాడించి రాసుకుందాం అనుకుంటూ వచ్చాను. రెండూ చేయకముందే అమ్మ దవాఖానకు పోయి, తిరిగి రాలేదు.

నిరుడు బతుకమ్మకు బడంగ్‌పేట్ నుంచి చెల్లె ఫోన్ చేసింది.

"అక్కా, అమ్మ పాటలు పంపవా? నీ కంప్యూటర్ల భద్రంగ ఉన్నయని అమ్మ అందరికి చెప్పేది."

నా దగ్గరున్న ఆ నాలుగు పేజీల్లో ఒకటి పంపాను. కాసేపటికి మళ్లీ చేసింది.

"పాటలేవక్కా? గిది ఒట్టి కాయితమే ఉన్నది" అని అడిగింది. అంతలోనే ఏడుపు గొంతుతో అంది, "మూలకు పసుపు వేలిముద్ర ఉన్నది చూడు. అమ్మదే గదా? గిదన్న దాచినవ్ అక్కా."

కాగితం పాతగా కనబడుతుందనే దాన్ని చెరపకుండా వదిలానని చెప్పలేకపోయాను. మళ్లీ "ఆఁ" అన్నాను.