సగం మనిషి బేరం

2023 శీతాకాలం. ఎటోబికోలో ఒక బాంక్వెట్ హాలు వెనక గది. కెనడాలోని తెలుగు సంఘాలు కొన్ని కలిసి ఒక సమాఖ్య పెట్టుకోవాలనుకున్నాయి. దానికి రాజ్యాంగం రాయించే మీడియేటర్‌ని నేను. మీడియేటర్ తీర్పు చెప్పడు, ఇరుపక్షాలనూ ఒక మాట మీదికి తెస్తాడు. తెనాలిలో మా నాన్న కిరాణా కొట్లో పెరిగాను కాబట్టి డిగ్రీ కంటే ముందే నాకు బేరమాడటం వచ్చింది. ఇద్దరూ పట్టుబడితే మధ్యలో ఒక అంకె చెప్పి దండం పెట్టడం, అదే నా విద్యంతా.

చిక్కు సీట్ల దగ్గర వచ్చింది. సభ్యుల సంఖ్యను బట్టి ఒక్కో ఊరికి కార్యవర్గంలో సీట్లు. ఎడ్మంటన్ ప్రతినిధి ప్రభాకర్ గారికి మూడు రెస్టారెంట్లు. అక్కడి సభ్యుల్లో చాలామంది క్లోజ్డ్ వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లు, అంటే పర్మిట్‌లో పేరున్న యజమాని దగ్గర తప్ప ఇంకెక్కడా పని చేయకూడనివాళ్లు. వాళ్లను సీట్ల కోసం లెక్కించాలి కానీ ఓటు ఇవ్వకూడదని ఆయన పట్టు.

"ఓటు లేనివాళ్లు మీ సీట్లకి మాత్రం పనికొస్తారా? అలాగైతే మేం రాం" అన్నారు మాంట్రియల్ నుంచి వచ్చిన శారద గారు.

భోజనాల వేళకు నా అంకె తయారైంది. ఓటు లేని సభ్యుల్లో ఒక్కొక్కరినీ సగంగా లెక్కిద్దాం అన్నాను. ఇద్దరూ తలూపారు. నా తెలివికి నేనే మురిసి రెండో గులాబ్ జామూన్ తీసుకున్నాను.

ఎడ్మంటన్ జాబితా పట్టుకుని వచ్చిన లక్ష్మి అప్పుడు నోరు విప్పింది. ప్రభాకర్ గారి రెస్టారెంట్ వంటింట్లో అలాంటి పర్మిట్ మీదే పనిచేస్తుంది.

"సార్, నా సగం నేను వాడుకోవచ్చా?"

"లేదమ్మా. అది సీట్ల లెక్క వరకే."

"మరి ఆ సీట్లో ఎవరు కూర్చుంటారు?"

ప్రభాకర్ గారు జాబితా తిరగేయసాగారు. నా నోట్లో తీపి చేదెక్కింది. అమెరికా రాజ్యాంగం రాసినప్పుడు బానిసలను అయిదింట మూడు వంతులుగా లెక్కించారు. ఓటు బానిసకు లేదు, ఆ లెక్కతో పెరిగిన సీట్లు యజమానుల రాష్ట్రాలకు. మా ట్రైనింగ్‌లో దాన్ని గొప్ప రాజీ అని చెబితే బుద్ధిగా రాసుకున్నాను. లక్ష్మి బానిస కాదు, ఆ బాధతో ఈ బాధకు పోలిక లేదు. అయినా నేను వాడిన తూకం రాయి అదే.

ప్రభాకర్ గారితో కాకస్ పెట్టాను, అంటే ఒక పక్షంతో విడిగా మాట్లాడటం.

"నా ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నానండీ. ఓటుతో పూర్తిగా లెక్కించండి, లేదా అసలు లెక్కించకండి."

"మీరే కదండీ సగం అన్నది?"

"అన్నాను. సరుకు పాడైందని తెలిశాక అమ్మితే మా నాన్న ఊరుకునేవాడు కాదు."

లెక్కించకపోతే ఎడ్మంటన్‌కు మూడు సీట్లు పోతాయి. ఆయనా వ్యాపారే, ఓటుకు ఒప్పుకున్నారు. బల్ల దగ్గరికి తిరిగొచ్చి ఆ మాట అందరికీ చెబితే, లక్ష్మి మాత్రం అక్కడితో ఆగలేదు.

"ఎవరికేశానో మా సార్‌కి తెలిస్తే, ఆ ఓటు ఉన్నా లేనట్టే."

రహస్య బ్యాలెట్ క్లాజు రాజ్యాంగంలో అలా చేరింది. రెండు పక్షాల మధ్య సగం వెతకడం నాకొచ్చు. బేరంలో సరుకైపోయిన మనిషిని ముందుగా బల్ల దగ్గర కూర్చోబెట్టాలని ఆ రోజు నేర్చుకున్నాను. నా వృత్తిలో నేను గర్వంగా చెప్పుకునే పని అదొక్కటే.

మొదటి ఎన్నిక అయ్యాక ప్రభాకర్ గారు ఫోన్ చేశారు. "మా వంటింటివాళ్లు ఎవరికేశారో అంతుపట్టడం లేదండీ."

"అయితే క్లాజు బాగానే రాశామండీ" అన్నాను.